రేపటి సద్ది

ఉదయము ఏడు గంటల వేళ మా ధర్మపురి వీధులలో బడి బస్సు మోత వినబడినంతనే నాకు చిరాకు పుట్టును. సగము దువ్విన తలతో, ఒక చేత పుస్తకాల సంచి, మరొక చేత బిస్కట్టు పొట్లము పట్టుకొని, కడుపున ఏమియు లేక బస్సెక్కెడి పిల్లలను చూచి ఓర్చుకొనుట నా వల్ల కాదు. అట్లని తల్లులను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి సాన్పి చల్లి, నీళ్ళు పట్టి, మధ్యాహ్నపు డబ్బాలకు అన్నము కూర వండి, లేవనని మొరాయించు పిల్లలను లేపి స్నానము చేయించు ఆ గంటన్నర కాలములో, వేడివేడి టిఫిను గూడ సిద్ధము కావలెనని కోరువాడెవడో, అతడు ఒక్క ఉదయమైనను ఆ పొయ్యి ముందు నిలువవలెను. ఉదయపు తిండిని ఉదయముననే వండి తీరవలెనను నియమము ఇడ్లీలు, దోసెలు, హోటళ్ళతో పాటు మన ఇండ్లకు వచ్చినది. అంతకుముందు ఈ ప్రాంతమున అట్టి నియమము లేదు. నా చిరాకంతయు ఆ నియమము మీదనే.

మా బాపమ్మ కాలమున పిల్లల ఉదయము ముందటి రాత్రియే ఆరంభమయ్యెడిది. సద్ది కొరకని ఆమె రాత్రి ఎసటిలోనే ఒక సోలెడు బియ్యము అధికముగా పోసెడిది. భోజనములు ముగిసిన పిమ్మట ఆ అన్నమును మట్టికుండలోనికి మార్చి, మునుగునట్లు నీళ్ళు పోసి, మూకుడు మూసి, ఉట్టి మీద నుంచెడిది. జొన్నల దినములైనచో ఇసుర్రాతితో పగిలించిన జొన్నరవ్వను గటకగా వండి అదే విధముగా దాచెడిది. తెల్లవారునప్పటికి ఆ కుండలో సన్నని పులుపు, ఒక చల్లదనము చేరి యుండెడివి. పాలను పెరుగు చేయు జాతికి చెందిన సూక్ష్మజీవులే రాత్రి యంతయు అందు పని చేయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆమెకు ఆ జీవుల పేర్లు తెలియవు గాని, వానికి ఎంత నీరు, ఎంత వెచ్చదనము కావలెనో చక్కగా తెలియును. ఉదయము అందులో చల్ల పోసి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ నలిపి ముందు పెట్టినచో తినుటకు ఎంతసేపు? పొలమునకు పోవువాడు మూట గట్టుకొని పోయెడివాడు. బడికి పోవువాడు కూర్చుండి తినెడివాడు. వీధిలో ఎదురైన పెద్దలు “సద్ది తిన్నవా బిడ్డా?” అని అడిగిన తరువాతనే మరి యే మాటయైనను మాట్లాడెడివారు.

మా కోడలు కరీంనగరములో ఉద్యోగము చేయును. ఆమె ఆదివారపు రాత్రి చేసెడి పని చూచినప్పుడు నాకు బాపమ్మ జ్ఞప్తికి వచ్చినది. రెండు కప్పుల ఓట్సు అటుకులను రెండు కప్పుల పాలలో నానవైచి, తొక్క నల్లబడిన రెండు అరటిపండ్లను మెదిపి కలిపి, బెల్లపు తురుము, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు చేర్చినది. ఇతరులు దీనిలో కోడిగ్రుడ్డు వేయుదురట. మా ఇంట అది చెల్లదు గనుక వేయించిన అవిసెల పొడిని నీటిలో నానబెట్టి వేసినది. అవిసెలు నానినపుడు వచ్చు జిగురు గ్రుడ్డు చేయవలసిన పనిని చేయును. నెయ్యి రాచిన పళ్ళెములో పోసి, నూట ఎనుబది డిగ్రీల వేడిలో దాదాపు నలుబది నిమిషములు ఓవెనులో నుంచినది. బయటకు తీసినప్పుడు అంచులు గోధుమవన్నెకు తిరిగి, నడుమ కించిత్తు మెత్తగా నుండెను. నేను కోయబోగా వారించి, “ఆగు మామయ్యా, చల్లారకుంటే పొడిపొడి అయితది” అన్నది. చల్లారిన తరువాత చతురస్రములుగా కోసి, డబ్బాలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టినది. గురువారము వరకు ఉదయమున పెనము మీద కొంచెము నెయ్యితో వేడిచేసి చేతి కిచ్చినచో పిల్లలు బస్సు వచ్చులోగా తినివేయుదురు. తిని చూచితిని. రుచిగా నున్నది.

ఓట్సు పేరు విని మొగము చిట్లించు పెద్దలతో నాకు పొత్తు లేదు. పొట్టు తీసిన ఓట్సు గింజలను ఆవిరిపట్టి, బరువైన ఇనుప రోలర్ల నడుమ నొక్కి పలుచగా చేయుదురు. మన అటుకులు చేయువారు వడ్లు నానబెట్టి, వేయించి, వేడి మీదనే దంచుదురు. ఉభయత్ర గింజను ముందే సగము వండి, చదును చేసి, తరువాతి వంటను సులభము చేయుటయే ప్రయోజనము. అట్టి అటుకులకు మన స్త్రీలు ఒక పండుగ దినమునే కేటాయించిరి గదా! భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలిడిన బతుకమ్మకు రెండవనాడు అటుకులు, నాలుగవనాడు పాలు బెల్లములతో నానబియ్యము, తొమ్మిదవనాడు సద్దులు నివేదన. ఈ వరుసను చూచినపుడు నాకొక ఊహ తోచును: ఉదయమున పొయ్యి వెలిగించకయే బిడ్డ కడుపు నింపు ఉపాయములన్నింటిని మన తల్లులు ఆ తొమ్మిది దినములలో దేవతకు చూపి, ఆమె చేత సరియనిపించుకొనిరేమో! ఇందులకు ప్రమాణము చూపలేను. కాని ఆ ఊహను విడువబుద్ధి కాదు.

సద్దుల నాటి పెరుగన్నము, పులిహోర, నువ్వుల సద్ది ఒక యెత్తు. నాకు మాత్రము మలీద ఒక యెత్తు. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు గనుక మరుగు నీళ్ళతో కలిపి, అరచేతి మొదలుతో బాగుగా ఒత్తి, రొట్టెను కొంచెము మందముగా చేయవలెను. పెనము మీద అది రెండు వైపుల కాలి, అక్కడక్కడ నల్లని చుక్కలు పడి, జొన్న కాలిన వాసన ఇల్లంతయు ఆవరించును. వేళ్ళు కాలుచున్నను ఆ వేడి మీదనే ముక్కలుగా తుంచి రోటిలో వేసి, దంచిన బెల్లము, ఏలకుల పొడి, నెయ్యి చేర్చి రోకలితో మెల్లగా పోట్లు వేయవలెను. రొట్టె వేడికి బెల్లము కరిగి ప్రతి పలుకును పట్టుకొనును. చల్లారిన రొట్టెతో చేసినచో బెల్లము వేరు, రొట్టె వేరుగా నుండి ముద్ద నిలువదు. పాలు, కొబ్బరి తగులనీయకున్నచో ఆ ముద్దలు కొన్ని దినములు చెడక నిలుచును. ఉదయము ఒక ముద్దను గిన్నెలో చిదిపి, అరటిపండు మెదిపి, రెండు చెంచాల పాలు పోసినచో పిల్లవానికి అంతకంటె ఏమి కావలెను? పండు మాత్రము ఉదయముననే కలుపవలెను. రాత్రి కలిపినది తెల్లవారునప్పటికి నల్లబడి నీరు విడుచును. ధాన్యము, కాల్పు, తీపి, పండు, ముందుగా చేసి ముద్దలుగా పంచుకొనుట, ఇన్నియు మలీదలో కలవు. కోడలి పళ్ళెము దానికి చెల్లెలు.

పండ్ల విషయమున మా జిల్లాకు దారిద్ర్యము లేదు. జగిత్యాల చెంతనున్న చల్గల్ మామిడి మార్కెట్టు వేసవిలో ఎట్లుండునో చూచినవారికి చెప్పనక్కరలేదు. బాగుగా మాగిన మామిడి గుజ్జును ఓట్సులోనో, అంగళ్ళలో దొరకు జొన్న అటుకులలోనో కలిపి కాల్చినచో ఆ వన్నెయు ఆ వాసనయు అరటికి రావు. జొన్న అటుకులు గట్టివి గనుక పాలలో మరికొంత సేపు నానవలెను. దసరా నాటికి వచ్చు సీతాఫలమును మాత్రము వేడి తగులనీయరాదు, చేదెక్కును. గుజ్జు తీసి, చల్లారిన ముక్క మీద నుంచి తినవలెను. గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలోనికి పోయినచో వేసవి ఆరంభమున రాలు ఇప్పపువ్వు ఎండి కిస్మిస్ వలె తియ్యగా నుండును. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు దానిని వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లముతో లడ్డూలు కట్టి పిల్లల వసతిగృహములకు పంపుచున్నారని తెలిసి నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరానిది. ఆ లడ్డూ గూడ రేపటి కొరకు నేడు చేసిన సద్దియే.

మా తిండిలో జొన్న ఎట్లు వెనుకబడెనో ఒక మాట చెప్పక పోలేను. 1963లో నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరము నుండి కాకతీయ కాలువ వచ్చినది. మెట్ట చేలు మాగాణులైనవి. జొన్న నిలిచిన చోట వరి నిలిచినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. నీరు వచ్చినందుకు, పేదవాని కంచమున తెల్లని అన్నము పడినందుకు విచారించువాడు మనుష్యుడు కాడు. అయినను, అదే జొన్నను 2023 సంవత్సరమున ప్రపంచ దేశములన్నియు చిరుధాన్యములలో చేర్చి ఉత్సవము చేసినప్పుడు, మా ఊరి పిల్లలలో గటక రుచి ఎరిగినవారు ఎందరని తలచి మనస్సు చివుక్కుమన్నది.

సద్దికి దైవత్వమిచ్చినవాడు మన పోతన. భాగవతమున గోపబాలుర నడుమ కూర్చున్న కృష్ణుని చేతిలో వ్యాసుడు అన్నపు ముద్దను, వ్రేళ్ళ నడుమ పండ్లను ఉంచెను. పోతన ఆ ముద్దలో మీగడపెరుగు కలిపి, వ్రేళ్ళ సందులలో ఊరగాయలు నిలిపెను. పండైనను ఊరగాయయైనను, యజ్ఞభోక్త సద్ది తినుచుండగా దేవతలు నిలిచి చూచిరి. ఈ ఘట్టమును మా బాపు చదువునపుడు సద్దికుండ ముందు కూర్చున్న మాకు గూడ దేవతలు చూచుచున్నట్లే ఉండెడిది.

అయితే బాపు సద్దిని ఊరక పెట్టనిచ్చెడివాడు కాడు. ఈ ధర్మపురి క్షేత్రముననే నివసించిన శేషప్ప కవి నరసింహ శతకములో నుండి ఒక పద్యము అప్పజెప్పినగాని కంచము ముందుకు జరుగదు. సీసపద్యము ఆకలిగొన్న పిల్లవానికి ఎంత దీర్ఘమైనదో అనుభవించినవారికే తెలియును. కన్ను కుండ మీద, నాలుక పద్యము మీద. మూడవ పాదమునకు వచ్చుసరికి మాటలు ఒకదానినొకటి త్రోసికొనెడివి. బాపు వెంటనే చేయెత్తి ఆపి, మొదటి నుండి చెప్పుమనెడివాడు. ఆయనకు వేగము గిట్టదు, సాగదీతయు గిట్టదు. నేడు ఉత్సవములలో మైకు పెట్టి ఈ పద్యములను ఆలపించువారు కొందరు ఒక్క అక్షరమును పట్టుకొని రాగమంతయు చుట్టివత్తురు. ఆ లోపల పదము తెగి, అర్థము జారి, స్వామిని పిలిచిన పిలుపు ఎక్కడనో నిలిచిపోవును. ఇది నాకు సహింపరానిది. శేషప్ప పద్యములు దేవునితో ఎదురుగా నిలిచి చనువుతో, కొన్ని యెడల కోపముతో మాట్లాడిన మాటలు. బాపు చదివినట్లు, పాదమును రెండుగా విరిచి ఒక్కొక్క సగమునకు ఒక్కొక్క ఊపిరి, తేటగీతి మకుటమునకు ముందు చిన్న విరామము. ఆ పద్యములకు ఇంతకు మించిన సంగీతము అక్కరలేదని, ఎవరెన్ని విధముల వాదించినను, నేను ఒప్పుకొనను.