సప్తసాగర యాత్ర

గోదావరి మహారాష్ట్రమునందలి త్ర్యంబకముకడ పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. ధవళేశ్వరము దాటిన పిమ్మట నది గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగ చీలును. వసిష్ఠనుండి వైనతేయ వేరగును. ఇవిగాక తుల్య, ఆత్రేయ, భారద్వాజ, కౌశిక యను పాయలును గలవని పెద్దలు చెప్పుదురు. సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగ సముద్రమునకు గొనిపోయిరని ఐతిహ్యము. ఆ యేడు సంగమములందును స్నానమాడి, దారిలోని దేవతలను సేవించుటయే సప్తసాగర యాత్ర. ఆ పాయలలో కొన్ని నేడు చిన్న కాలువలవలె నున్నను, యాత్ర మాత్రము నిలిచియున్నది.

పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడకు దక్షిణమున నున్న చొల్లంగిలో ఈ యాత్ర మొదలగును. అందుచేతనే ఆ దినమునకు చొల్లంగి అమావాస్య యని పేరు. మాఘ శుద్ధ ఏకాదశికి, అనగా భీష్మైకాదశికి, యాత్రికులు అంతర్వేది చేరుదురు. పూర్వము కాలినడకను, ఎడ్లబండ్లమీదను, పడవలమీదను సాగిన ఈ ప్రయాణము నేడు కార్లలోను, బస్సులలోను ఒకటి రెండు దినములలో ముగియుచున్నది. త్వరగా పోవుట తప్పు కాదు. కాని గుడికిని గుడికిని నడుమ కన్నులు మూసికొని పోవువానికి యాత్రలో సగమే దక్కును.

చొల్లంగికి వచ్చిన యొక రైతు కుటుంబమును చూడుడు. నీటిలో దిగిన పదేండ్ల మనుమడు మోకాలివరకు కూరుకొనిపోయి, "మామ్మా, ఈ బురదలో స్నానమేమిటి?" అని విసుగుకొనెను. ఆమె వాని చేయి పట్టుకొని, "ఇది వట్టి బురద కాదు నాయనా, ఒండ్రు. మన పొలము కూడ ఒకనాడు ఇట్లే ఉండెడిది. గోదారి తల్లి ఎక్కడెక్కడి మట్టినో మోసికొనివచ్చి మనకు పెట్టినది" అనెను. బాలుడు పిడికెడు ఒండ్రు తీసి, వ్రేళ్ళతో నలిపి చూచెను. భూగోళ పుస్తకములో చదివిన డెల్టా వాని చేతిలోనే యుండెను.

చొల్లంగి దాటగనే కోరంగి మడ అడవి కనబడును. 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడిన ఈ ప్రదేశపు వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్లు ఉప్పునీటిలోను బ్రతుకును. బురదలో గాలి యాడదు గావున వాని శ్వాసవేళ్ళు మేకులవలె నేలనుండి పైకి లేచియుండును. ఆ వేళ్ళ మరుగున చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. నీటిపిల్లులు, నీరుకుక్కలు అచట తిరుగాడును. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు 1839లో వచ్చిన తుపాను ఉప్పెనకు నాశనమైనది. అట్టి ఉప్పెనల వేగమును కొంతవరకైనను తగ్గించునవి ఈ చెట్లే. గుడికి ప్రాకార మెట్టిదో, తీరమునకు మడ అడవి యట్టిది.

అచటినుండి యాత్రికులు ద్రాక్షారామము పోవుదురు. భీమేశ్వరలింగము మిక్కిలి ఎత్తైనది. అర్చకులు పై అంతస్తునుండి దానికి పూజ చేయుదురు. ఆలయముకడ నున్న కోనేటికి సప్తగోదావరి యని పేరు. పిమ్మట కోటిపల్లిలో సోమేశ్వరుని దర్శించి, గౌతమీ రేవున పంటు ఎక్కి ముక్తేశ్వరమువైపు దాటుదురు. నడి యేటిలో చల్లని గాలి వీచును. ఆవలి గట్టున కొబ్బరితోటలు పచ్చని గీతవలె కనబడును. అచట, మనము చూచిన కుటుంబములోని తల్లి, పూజ చేసిన పూలను ప్లాస్టిక్ సంచితో సహా నదిలో వేయబోయెను. కుమారుడు, "అమ్మా, సంచి కూడ గోదారి తల్లికేనా?" అని యడిగెను. ఆమె మారుమాటాడక పూలు మాత్రము నీట విడిచి, సంచిని మడిచి కొంగున ముడివేసికొనెను. మామ్మ మనుమని తల నిమిరెను.

కోనసీమ వరిచేల నడుమ సాగు కాలువలు 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చినవి. దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటనును ఈ సీమవారు నేటికిని తలచుకొందురు. కాలువగట్లవెంట పోయి, తుదకు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథోత్సవము చూచి, వసిష్ఠా సంగమమున స్నానమాడుదురు. సంగమమున ప్రవాహము మోసకరమైనది. ఈత వచ్చినవారైనను పెద్దలు చూపిన చోటనే దిగవలెను.

ఒండ్రు తెచ్చి నేలను పెంచిన నదికి నేడు కష్టకాలము వచ్చినది. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే డెల్టాకు చేరు మట్టి తగ్గినది. కొన్ని చోట్ల సముద్రము తీరమును కోయుచున్నది. పిడికెడు ఒండ్రు విలువ యాత్రికునికి తెలిసినచో, దానిని కాపాడవలెనను బుద్ధియు కలుగును.

2015లో గోదావరికి పుష్కరములు జరిగినవి. పండ్రెండేండ్లకు, 2027లో, మరల పుష్కరములు. లక్షలమంది రేవులలో దిగుదురు. వారు నీటిలో విడిచినదెల్ల ఏటివెంట దిగువకు పోవును. దానినే జాలరి వలయు, మడచెట్టు వేరును అందుకొనును.