గోరీలో దొరగారి భోజనాల గది!

గ్రేటర్ నోయిడా తెలుగువాళ్లకు ఒక మాట: కుతుబ్ మినార్ చూసి అక్కడినుంచే వెనక్కి వచ్చేయకండి! పక్కనే మెహ్రౌలీ ఆర్కియలాజికల్ పార్కు ఉంది. అందులో దిల్‌కుషా ఉంది. మొన్ననే మొదటిసారి చూశాను, ఆ సంబరం ఇంకా తగ్గలేదు.

థామస్ మెట్‌కాఫ్ మొగలు పాదుషా బహదూర్ షా జఫర్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. 1840లలో ఊరి బయట విడిది ఇల్లు కావాలనుకుని, ఏకంగా ఒక మొగలు సమాధినే కొని దిల్‌కుషాగా మార్చేశాడు! అక్బరును పెంచిన దాది మాహమ్ అంగా కొడుకు కులీ ఖాన్‌ది అది. గోరీ ఉన్న నడిమి గది భోజనాల గదైంది. దానికి అటూ ఇటూ కొత్త గదులు లేచాయి. ఆ గదుల్లో చాలావరకు పోయాయి, సమాధి మాత్రం నిలిచింది. బయట ఎనిమిది ముఖాలు, లోపల చతురస్రం. గచ్చులో చెక్కిన నగిషీ చూస్తూ మెడ నొప్పెట్టినా తల దించబుద్ధి కాలేదు. ఒకరి చివరి నిద్ర చోట విందులు జరిగాయని తలచుకుంటే మనసు చివుక్కుమంది కూడా.

తోట మరీ విచిత్రం! ఇంగ్లండులో జమీందార్లు తమ తోటల్లో అందం కోసం కొత్తగా శిథిలాలు కట్టించుకునేవారు. మెట్‌కాఫ్ చుట్టూ అసలు శిథిలాలే బోలెడు. అయినా ఆశ తీరక మెట్ల పిరమిడ్లు, దిబ్బ మీద ఛత్రి కట్టించాడు. లోదీల కాలపు కట్టడాన్ని పడవల ఇల్లు చేశాడు. అక్కడికి దగ్గర్లోనే 13వ శతాబ్దపు బల్బన్ సమాధి! ఏది చరిత్రో, ఏది దొరగారి ముచ్చటో విడదీసి చూడటమే ఒక పండగ.

మెట్‌కాఫ్ ఇక్కడ విడిది పెట్టడం ఉత్త సరదా కాదు. జఫర్ వేసవి మహలు కూడా మెహ్రౌలీలోనే ఉంది. పాదుషా మీద కన్నేసి ఉంచడానికి ఇంతకంటే అనువైన చోటేది?

మనకూ చుట్టరికం ఉంది. థామస్ అన్న చార్లెస్ మెట్‌కాఫ్ 1820 నుంచి 1825 దాకా హైదరాబాదులో కంపెనీ రెసిడెంటు. ఆయన ఉన్నది మన కోఠీ రెసిడెన్సీలో. అక్కడ కంపెనీ దర్పం కొత్త స్తంభాలెత్తుకుని నిలబడితే, ఇక్కడ మొగలు గుమ్మటం కిందే కాపురం పెట్టింది. రెండూ చూస్తేనే ఆ కథ పూర్తిగా అర్థమవుతుంది.

ఆక్వా లైను ఎక్కి, రైళ్లు మారుతూ కుతుబ్ మినార్ స్టేషన్‌లో దిగండి. చలికాలం పొద్దున్నే వెళ్లండి, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి!