ఇంగ్లీషు మన ఇంటి భాష కాదు, అయినా రాశాను



నేను ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష పాసయ్యానని తెలిశాక గ్రూపులో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది మెసేజ్ పెట్టారు. ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. "అన్నా, కోడింగ్ రాని వాళ్ళు రాయొచ్చా? ఎంత ఖర్చవుతుంది? ఇంగ్లీషు అంతగా రాదు, మనవల్ల అవుతుందా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేచోట రాస్తే మంచిదనిపించింది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. మాది పాడేరు వైపు కొండమీద కోందు ఊరు. ఇంట్లో కువి మాట్లాడతాం. తెలుగు బడిలో నేర్చుకున్నా, ఇంగ్లీషు డిగ్రీలో తలమీద పడింది. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయాక ఇంటికి వచ్చేశా. ఎకరంన్నర కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించాం. నాకు లాప్‌టాప్ లేదు. ఒక ఫోను, అది కూడా ఊళ్ళో సిగ్నల్ అందుకోదు. గట్టు మీదికి ఎక్కితే రెండు గీతలు వస్తాయి.

డిగ్రీలో కంప్యూటర్స్ చదివానే గానీ, బయోడేటాలో రాసుకోడానికి డిగ్రీ పేరు తప్ప ఇంకో లైను లేదు. ఉద్యోగానికి అప్లై చేస్తే ఎవరూ పిలవడంలేదు. అప్పుడే ఈ పరీక్ష సంగతి తెలిసింది.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ అంటే మనం సరుకులు కొనే అమెజాన్ వాళ్ళదే, కంప్యూటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు పెట్టి, కంపెనీలకు ఇంటర్నెట్ ద్వారా వాడుకోనిస్తారు. వాడినంతకే డబ్బు. దాన్నే క్లౌడ్ అంటున్నారు. వాళ్ళ కంప్యూటర్ కేంద్రాల సముదాయాన్ని రీజియన్ అంటారు. మన దేశంలో ముంబయిలో 2016లో, హైదరాబాదులో 2022లో రీజియన్లు పెట్టారు. క్లౌడ్ ప్రాక్టీషనర్ అనేది వాళ్ళ పరీక్షల్లో అన్నిటికన్నా కింది మెట్టు. కోడింగ్ అడగరు. డిగ్రీ ఉందా, ఏ గ్రూపు చదివావు అని కూడా అడగరు. ఎవరైనా రాయొచ్చు.

ఇప్పుడు లెక్కలు చెబుతా. ప్రశ్నలు 65. అన్నీ ఆప్షన్లు ఇచ్చేవే. కొన్నిటికి ఒక జవాబు, కొన్నిటికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఎంచుకోవాలి. సమయం 90 నిమిషాలు. 65లో 50 ప్రశ్నలకే మార్కులు, మిగతా 15 వాళ్ళు పరీక్షించుకోడానికి పెడతారు. అవి ఏవో మనకు తెలియదు కాబట్టి అన్నీ శ్రద్ధగానే రాయాలి. స్కోరు 100 నుంచి 1000 దాకా ఉంటుంది, 700 వస్తే పాస్. తప్పు రాస్తే మార్కులు కోయరు. అందుకే ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

సిలబస్ నాలుగు భాగాలు. క్లౌడ్ అంటే ఏమిటి, ఎందుకు అన్నది 24 శాతం. భద్రత 30 శాతం. సర్వీసులు 34 శాతం. బిల్లు, ధరలు, సపోర్టు 12 శాతం. ఎగ్జామ్ గైడ్ అనే పీడీఎఫ్ వాళ్ళ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ముందు అది దించుకోండి. స్కిల్ బిల్డర్ అనే వాళ్ళ సైటులో క్లౌడ్ ప్రాక్టీషనర్ ఎసెన్షియల్స్ కోర్సు ఉచితం. 20 ప్రశ్నల ప్రాక్టీసు సెట్టు కూడా ఉచితమే. చదవడానికి నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, డేటాకు తప్ప.

ఖర్చంతా పరీక్ష ఫీజుకే. 100 డాలర్లు, పైన పన్ను. మన డబ్బులో దాదాపు పది వేలు. మా ఇంట్లో పది వేలంటే చిన్న మాట కాదు. నవంబరులో చదవడం మొదలుపెట్టినప్పుడు చేతిలో అంత డబ్బు లేదు. అందుకని తేదీ బుక్ చేయకుండా ముందు చదువుకుంటూ పోయా. పగలు కాఫీ పండు కోత. సాయంత్రం గట్టు మీద కూర్చుని వీడియోలు చూసి నోట్సు రాసుకునేవాణ్ణి. రాత్రి ఇంట్లో ఆ నోట్సు చదువుకునేవాణ్ణి.

మొదటి పది రోజులు ఏమీ ఎక్కలేదు. వీడియోలో ఆయన చెప్పే ప్రతి మాటా ఇంగ్లీషే. ఎలాస్టిసిటీ, అవైలబిలిటీ, లీస్ట్ ప్రివిలేజ్. డిక్షనరీ చూస్తే అర్థం తెలుస్తోంది, విషయం తెలియడంలేదు. అప్పుడు నోట్‌బుక్కులో పేజీని మూడు గళ్ళు చేశా. మొదటి గడిలో ఇంగ్లీషు మాట. రెండో గడిలో తెలుగులో అర్థం. మూడో గడిలో అలాంటిది మా ఊళ్ళో ఎక్కడుందో. ఆ మూడో గడి కువిలోనే రాసుకున్నా, తెలుగు అక్షరాలతో. మూడో గడి నింపలేకపోతే ఆ మాట నాకు ఇంకా అర్థం కానట్టే లెక్క.

కొన్ని చెబుతా, మీకూ పనికొస్తాయి.

ఎలాస్టిసిటీ. కాఫీ కోతలప్పుడు పదిమంది కూలీలను పిలుస్తాం. కోతలయ్యాక ఇద్దరు చాలు. ఏడాది పొడుగునా పదిమందికీ కూలి ఇవ్వం కదా. క్లౌడులో కంప్యూటర్లు కూడా అంతే, పని పెరిగితే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి.

అవైలబిలిటీ జోన్. మా అమ్మమ్మ విత్తనాలు అన్నీ ఒకే ఇంట్లో దాచేది కాదు. కొన్ని మా ఇంట్లో, కొన్ని చిన్నమ్మ వాళ్ళింట్లో. ఒక ఇల్లు అంటుకుపోయినా విత్తనం మిగలాలి. ఒక రీజియన్‌లో విడివిడిగా జోన్లు పెట్టేది అందుకే. హైదరాబాదు రీజియన్‌లో అలాంటివి మూడు ఉన్నాయి.

షేర్డ్ రెస్పాన్సిబిలిటీ. ఆశ్రమ పాఠశాలలో చదివిన వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. బిల్డింగు, గేటు, వాచ్‌మన్ ప్రభుత్వం చూసుకుంటుంది. నీ ట్రంకుపెట్టెకు తాళం నువ్వు వేసుకోవాలి. అలాగే భవనం, యంత్రాలు, వైర్ల భద్రత అమెజాన్ వాళ్ళది. అందులో నువ్వు పెట్టిన డేటా, ఎవరికి ఏ అనుమతి ఇచ్చావన్నది నీ బాధ్యత. ఇందులోంచి ప్రశ్నలు తప్పకుండా వస్తాయనుకుని చదవండి.

ధరలు. సంతకు వెళ్ళే జీపును తలుచుకోండి. అప్పటికప్పుడు చెయ్యెత్తి ఎక్కితే మామూలు రేటు, అది ఆన్-డిమాండ్. ఏడాది పాటు నీ జీపే వాడతానని ముందే మాటిస్తే రేటు తగ్గిస్తాడు, అది రిజర్వుడ్. ఖాళీగా తిరిగి వెళ్ళే జీపులో చవగ్గా ఎక్కొచ్చు, కానీ పెద్ద బేరం తగిలితే మధ్యలో దింపేస్తాడు, అది స్పాట్. నిజంగానే స్పాట్ కంప్యూటర్ను వెనక్కి తీసుకునే ముందు రెండు నిమిషాలే టైమిస్తారు. కాబట్టి మధ్యలో ఆగినా ఫర్వాలేదనే పనికే స్పాట్ వాడాలి.

ఇలా దాదాపు రెండు వందల మాటలు రాసుకున్నా. జనవరి చివరికి వీడియోలో ఇంగ్లీషు మారలేదు గానీ, నాకు భయం పోయింది. మనకు తెలియని విషయాలు అందులో తక్కువే. తెలియనివి పేర్లు.

ఇప్పుడు అందరికీ బాగా పనికొచ్చే మాట. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్ళు ఈ పరీక్షను ఇంగ్లీషులో రాస్తే 30 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. అంటే 90 కాదు, 120 నిమిషాలు. దానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ చూపించక్కరలేదు. సర్టిఫికేషన్ అకౌంటులో ఎకామడేషన్స్ అని ఉంటుంది, అందులో 'ఈఎస్ఎల్ ప్లస్ 30' అన్నది అడగాలి. కానీ పరీక్ష తేదీ బుక్ చేయకముందే అడగాలి. ఒకసారి తీసుకుంటే తర్వాత రాసే వాళ్ళ పరీక్షలకూ వర్తిస్తుంది. ఎవరూ మనల్ని పిలిచి చెప్పరు, మనమే అడగాలి.

ఇది రాస్తుంటే నాకు ఒక సంగతి గుర్తొస్తోంది. చిన్నప్పటి నుంచి మన భాష గురించి ఎవరైనా అడిగితే తల దించుకోవడమే అలవాటు. క్లాసులో తెలుగు యాస చూసి నవ్వేవాళ్ళు. అలాంటిది ఇంగ్లీషు మా ఇంటి భాష కాదని మొదటిసారి ఒక ఫారంలో మామూలుగా చెప్పుకున్నా, దానికి అరగంట ఇచ్చారు. అది జాలితో ఇచ్చింది కాదు. రూలులో ఉన్నదే. మనకు రావలసినది అడిగి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

మార్చిలో మిరియాలు అమ్మాం. ఫీజు సంగతి అప్పుడు అమ్మతో చెప్పా. అమ్మ కువిలో అడిగింది, తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "ఆ కాయితం చూపిస్తే ఉద్యోగం ఇచ్చేస్తారా?"

ఇవ్వరని చెప్పా. పిలిచి మాట్లాడే అవకాశం ఉంటుంది, ఆ తర్వాత నాకు ఏం వచ్చో చూస్తారు అన్నా. అమ్మ కాసేపు ఆలోచించి, "ఇప్పుడు పిలవడం కూడా లేదు కదా" అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. అబద్ధం చెప్పి తీసుకోనందుకు ఈరోజు కూడా నాకు నిమ్మళంగా ఉంది. మీరూ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పరీక్ష ఇంటి నుంచి రాయొచ్చు, పియర్సన్ వ్యూ వాళ్ళ కేంద్రానికి వెళ్ళీ రాయొచ్చు. ఇంటి నుంచి అయితే కెమెరా ఉన్న కంప్యూటర్, ఆగని నెట్, ఎవరూ లోపలికి రాని గది కావాలి. మన ఇళ్ళలో కోడి కూడా లోపలికి వస్తుంది. అందుకే నేను విశాఖపట్నంలో కేంద్రం ఎంచుకున్నా. ముందురోజే దిగి, చదువుకుంటున్న మా ఊరి కుర్రాళ్ళ గదిలో పడుకున్నా.

పేరు విషయంలో జాగ్రత్త. మనలో చాలామందికి ఆధార్‌లో ఒక స్పెల్లింగు, టెన్త్ మెమోలో ఇంకో స్పెల్లింగు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. మీరు చూపించబోయే గుర్తింపు కార్డులో ఎలా ఉందో అకౌంటులో పేరు అచ్చం అలాగే ఉండాలి. ఏ కార్డులు ఒప్పుకుంటారో బుక్ చేసేటప్పుడే చదవండి, రెండు కార్డులు పట్టుకెళ్ళండి.

లోపలికి ఫోను, వాచీ, పర్సు ఏవీ తీసుకెళ్ళనివ్వరు. లాకరులో పెట్టించి, ఫొటో తీసి కూర్చోబెడతారు. తెర మీద టైము 120 నిమిషాలని చూశాకే నా గుండె కుదుటపడింది. ప్రశ్నలో 'మోస్ట్', 'లీస్ట్', 'చూజ్ టూ' లాంటి మాటలు ముందు వెతికి, ఆ తర్వాత ప్రశ్న చదివా. అనుమానం ఉన్నవాటికి ఏదో ఒక జవాబు పెట్టి, గుర్తు పెట్టుకుని ముందుకెళ్ళా. మొదటి విడత అయ్యేసరికి 84 నిమిషాలు పట్టింది. గుర్తు పెట్టినవి 19 ఉన్నాయి. మామూలు టైమే అయితే వాటికి ఆరు నిమిషాలు మిగిలేవి. అరగంట ఎక్కువుంది కాబట్టి ఒక్కొక్కటీ నిదానంగా మళ్ళీ చదివా, నాలుగైదు జవాబులు మార్చా.

ఫలితం అయిదు పని దినాల్లోపు వస్తుందంటారు. నాకు మర్నాడే మెయిల్ వచ్చింది. 752. ఒకవేళ పోతే 14 రోజులాగి మళ్ళీ రాయొచ్చు, కానీ మళ్ళీ పూర్తి ఫీజు కట్టాలి. ప్రాక్టీసు ప్రశ్నల్లో నూటికి ఎనభై దాకా నిలకడగా వచ్చేవరకు తేదీ బుక్ చేయకండి. 'డంపులు' అని అసలు ప్రశ్నలు అమ్మేవాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి పోవద్దు. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతాం.

తర్వాత ఏమైందంటే, ఉద్యోగం ఇంకా రాలేదు. ఉన్నమాట చెబుతున్నా. కానీ రెండు చోట్ల పిలిచారు. ఒకచోట షేర్డ్ రెస్పాన్సిబిలిటీ చెప్పమన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో హాస్టలు గేటు, ట్రంకుపెట్టె తాళం కథ చెప్పా. అడిగినాయన నవ్వి, బాగా అర్థమైందన్నాడు. రెండో రౌండుకు పిలిచారు. అక్కడ లైనక్స్ అడిగారు, అది నేను నేర్చుకోలేదు. ఇప్పుడు అదే నేర్చుకుంటున్నా. సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. తర్వాతి పరీక్షకు సగం ఫీజు తగ్గే కూపన్ కూడా ఇచ్చారు. లైనక్స్ పట్టు దొరికాక దాన్ని వాడతా.

చివరిగా, ఎవరు రాయాలో ఎవరు వద్దో నాకు తోచింది చెబుతా. ఫీజు కోసం అప్పు చేయకండి. ముందు ఉచిత కోర్సు పూర్తి చేయండి, అది పూర్తయ్యేసరికి ఇది మనకు నచ్చే పనో కాదో తెలిసిపోతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెడితే మంచిది, కాలేజీ ల్యాబు, నెట్టు చేతిలో ఉంటాయి. ఇంగ్లీషు రాదు కాబట్టి వద్దు అనుకునేవాళ్ళు మాత్రం ఆ కారణం పక్కన పెట్టండి. మూడు గళ్ళ నోట్‌బుక్కు ఒకటి పెట్టుకోండి. మూడో గడిలో మీ ఇంటి భాష రాయండి, కోయ అయినా, గోండి అయినా, సవర అయినా.

నా నోట్‌బుక్కు రెండు వందల మాటలూ ఫొటోలు తీసి పెట్టా. కువి గడి మీకు చదవరాకపోవచ్చు, మిగతా రెండు గళ్ళు పనికొస్తాయి. కావలసినవాళ్ళు అడగండి, పంపిస్తా. మీ భాషలో మూడో గడి నింపాక నాకూ ఒకసారి చూపించండి.