నేత్రోన్మీలనం

తీర్థయాత్ర వేరు, విహారయాత్ర వేరు అని మనం సులభంగా విభజిస్తాము. సంకల్పం చెప్పుకొని బయలుదేరితే మొదటిది, సంచి పట్టుకొని బయలుదేరితే రెండవది. గత కార్తికమాసంలో ఒక బుధవారంనాడు మేము ముగ్గురు బాల్యమిత్రులం నరసరావుపేటనుంచి చేసిన ప్రయాణం వీటిలో దేనికి చెందుతుందో నాకు ఇప్పటికీ నిశ్చయం కాలేదు. కొండ ఎక్కాము, దుర్గిలో శిల్పాలు కొన్నాము, లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాము, రాత్రికి ఇల్లు చేరాము.

మాలో ఒకడు ధాన్యవ్యాపారి. మరొకడు కొన్నేళ్లుగా జపానులో కుమారునివద్ద నివసిస్తున్నాడు. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఆదివారాలలో నలుగురికి గీత చెబుతుంటాను. జపాను మిత్రుని అర్ధాంగి క్రిందటి సంవత్సరం ఆ దేశంలోనే పరమపదించింది. తెల్లవారుజామున కారు ఎక్కగానే అతడు సంచిలోనుంచి పిడికిలంత ఎర్రని కాగితపుగుజ్జు బొమ్మను తీసి నా చేతిలో పెట్టాడు.

దానిని అక్కడ దరుమ అంటారు. భారతదేశంనుంచి చైనాకు వెళ్లి ధ్యానమార్గాన్ని బోధించినట్లు చెప్పే బోధిధర్ముని రూపమది. ఆయన గోడకు అభిముఖంగా తొమ్మిదేళ్లు కూర్చున్నాడని ఐతిహ్యం. అందుకే బొమ్మకు కాళ్లూ చేతులూ లేవు. పడదోస్తే తానే లేచి కూర్చుంటుంది. కొన్ననాడు దాని కన్నులు రెండూ తెల్లని వృత్తాలే. ఏదైనా కోరుకొని ఒక కంటికి నల్లని పాప దిద్దుతారు. కోరిక సిద్ధించిననాడు రెండవ కంటికి దిద్దుతారు. సంవత్సరం గడిచాక పాతబొమ్మను ఆలయానికి అప్పగిస్తే అక్కడ విధిపూర్వకంగా దహనం చేస్తారు.

నా చేతిలోని బొమ్మకు ఒక కన్నే ఉంది. దిద్దినది ఆమె. ఒక్కసారి స్వదేశానికి వచ్చి కోటప్పకొండ మెట్లెక్కాలన్నది ఆమె కోరిక. గడువు తీరినా మిత్రుడు దానిని దహనానికి ఇవ్వలేకపోయాడు.

"రెండో కన్ను ఏం చెయ్యమంటావురా?" అని అడిగాడు.

నేను తడుముకోకుండా సమాధానం చెప్పాను. కర్మయందే మనకు అధికారమనీ, ఫలం ఈశ్వరాధీనమనీ, సిద్ధించని సంకల్పాన్ని కూడా ఆయనకే సమర్పించాలనీ చెప్పాను. అందులో అసత్యమేమీ లేదు. అయినా ఆ మాటలు కారు అద్దాలకు తగిలి తిరిగి నామీదనే పడినట్లయింది. అతడు బొమ్మను సంచిలో పెట్టుకున్నాడు.

కోటప్పకొండను ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. త్రికూటేశ్వరుడన్న నామం అందువలననే. ఘాట్ రోడ్డు ఉన్నప్పటికీ మెట్లదారినే, ఆగి ఆగి, ఎక్కాము. దర్శనవేళ అతడు సంచిని గుండెలకు అదుముకొని నిలిచాడు. దిగుతుండగా వ్యాపారిమిత్రుడు, "ఆవిడ కోరిక తీరింది గదరా, ఎక్కించావుగా. వేసెయ్యి రెండో కన్ను" అన్నాడు. "ఎక్కింది బొమ్మరా" అన్నాడు ఇతడు.

ఆనందవల్లి కథ పాఠకులకు తెలిసినదే. నిత్యమూ కొండకొమ్మునకు ఎక్కి శివుని అర్చించే గొల్లభామ, గర్భవతియై ఎక్కలేక, స్వామినే క్రిందికి రమ్మని వేడుకుంది. వెనుదిరిగి చూడవద్దన్న నియమంతో స్వామి ఆమె వెంట దిగాడు. ఆమె నడుమ ఒకచోట వెనుదిరిగి చూసింది. స్వామి అక్కడే లింగరూపంలో నిలిచిపోయాడు. విశ్వాసలోపానికి దృష్టాంతంగా ఈ కథను నేను ఎన్ని పర్యాయాలు చెప్పానో! ఆ రోజు ఆనందవల్లి గుడి దాటుతూ మిత్రుడు అన్నాడు: "వెనకాల వచ్చేవాడు వస్తున్నాడో లేదోనని చూసింది. చూడకుండా ఎవరుండగలర్రా?" ఆమె చూడకపోయి ఉంటే మనం నేడు అర్చించే కోవెల ఆ స్థలంలో ఉండేది కాదన్న విషయం నాకు అప్పటిదాకా స్ఫురించలేదు. ఇకమీద ఆ కథను పూర్వపద్ధతిలో చెప్పలేను.

కారంపూడిలో పల్నాటి వీరుల గుడివద్ద నమస్కరించి, నాగులేటి ఒడ్డున కొంతసేపు ఆగి, దుర్గి చేరాము.

భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పకళ దుర్గిది. మేము వెళ్లిన కార్ఖానాలో నందులు, నాగశిలలు, గణపతులు, బుద్ధులు ఒకే వరుసలో దుమ్ముకొట్టుకొని ఉన్నాయి. ఒక యువశిల్పి అసంపూర్ణమైన అమ్మవారి విగ్రహాన్ని పాదాలతో బిగించి పట్టుకొని ఉలి నడుపుతున్నాడు. నేను అప్రయత్నంగా ముఖం తిప్పుకున్నాను. పెద్దశిల్పి గమనించినట్లుంది. "కళ్లు తెరిపించేదాకా అది రాయేనండి. కాలితో పట్టకపోతే ఉలి జారుద్ది" అన్నాడు.

ప్రతిష్ఠావిధిలో నేత్రోన్మీలనం ఎంత ప్రధానమో ఆగమాలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అప్పుడు మిత్రుడు జపానులోని నారా నగరపు మహాబుద్ధుని సంగతి చెప్పాడు. 752లో ఆ కంచువిగ్రహానికి కన్నులు దిద్దినవాడు బోధిసేనుడనే భారతీయుడు. కుంచెకు కట్టిన పొడవైన దారాలను సభలోనివారు పట్టుకొని నిలిచారట. ఒకని చేయి దిద్దుతుంటే అందరూ దిద్దినట్లే. ఆ కుంచె నేటికీ అక్కడ భద్రంగా ఉంది. మాట ముగించి, బొమ్మను తీసి శిల్పికి చూపాడు. శిల్పి దానిని బోర్లించి, తట్టి, "బరువంతా అడుగునే పెట్టారు" అని మెచ్చుకున్నాడు. రెండవ కంటి విషయం అడిగితే, "మేం చెక్కినా చూపు మా చేతుల్లో లేదండి" అని మాత్రం అన్నాడు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. మిత్రుడు చిన్న నందిని ఎన్నుకున్నాడు. వెల పద్దెనిమిది వందలన్నారు. నేను పన్నెండు వందలనుంచి ప్రారంభించి పదిహేను వందలకు ఒప్పించాను. విపణివీథిలో పుట్టిపెరిగిన వ్యాపారి నోరు మెదపలేదు. అపరిగ్రహంమీద ప్రసంగించే నేను బేరమాడాను. బయటికి వచ్చాక జపాను మిత్రుడు ఏదో మరచినట్లు లోపలికి వెళ్లి మిగిలిన మూడు వందలూ ఇచ్చి వచ్చాడు. నాకు చెప్పలేదు. అద్దంలో చూసిన డ్రైవరు చెప్పాడు.

మాచర్లలో చెన్నకేశవుని దర్శించి, భోజనం చేసి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాము. సాగరజలాలక్రింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. ఆనకట్ట పూర్తికాకముందు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని కొండమీద పునర్నిర్మించారు. ఆ వంశంలో చాంతమూలమహారాజు అశ్వమేధం చేసినవాడు. అతని సోదరి చాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట రెండు మార్గాలు! మనం ఖండనగ్రంథాల ద్వారా మాత్రమే ఎరిగిన నాగార్జునాచార్యుణ్ణి జపానువారు ర్యూజు అని పిలిచి, ఎనిమిది సంప్రదాయాలకు మూలపురుషునిగా ఆరాధిస్తారని లాంచీలో విన్నాను.

మ్యూజియంలో దీపం లేదు, ధూపం లేదు. నిలువెత్తు బుద్ధుని ఎదుట మిత్రుడు చాలాసేపు నిలిచాడు. నేను ఏమీ వివరించలేదు. చివరి లాంచీకి పిలుపు వచ్చేవరకు ముగ్గురమూ అలాగే ఉన్నాము.

నందిని అతడు తనతో తీసుకువెళ్లాడు. బొమ్మను నావద్ద వదిలాడు, "పూజామందిరంలో వద్దు, నీ పుస్తకాల దగ్గర పెట్టు" అని. రెండవ కన్ను తెల్లగానే ఉంది. పుష్యమాసంలో ఫోను చేశాడు. కంటి సంగతి అతడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పడితే లేస్తోందా అని అడిగాడు. లేస్తోందని చెప్పాను.