మిక్కీ మన బల్ల దగ్గరికొస్తే

ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో, కాంటెంపరరీ రిసార్ట్‌లోని షెఫ్ మిక్కీస్ బఫే ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పదేళ్లు నిండితే పెద్దల రేటే. మూడేళ్లలోపు పిల్లలకి మాత్రం ఉచితం. తిండి కోసమే అయితే దండగ ఖర్చే, శాకాహారులకి మరీను. కానీ అక్కడ మనం కొనేది తీరిక. పార్కులో క్యూ కడితే గానీ దొరకని మిక్కీ ఇక్కడ తనే బల్ల దగ్గరికొస్తాడు. మాట్లాడడు, తెల్ల గ్లవ్ తొడిగిన చెయ్యి చాపుతాడంతే. వాళ్లమ్మ వెనక నక్కిన నాలుగేళ్ల పిల్ల ముందు ఒక్క వేలు ముట్టుకుని, మెల్లగా ముక్కు దాకా వెళ్తుంది. ఆ పిల్లకి ఆ వయసు మళ్లీ రాదు కదా! నేనైతే ఆ డబ్బు పెడతాను. పన్నెండేళ్ల పిల్లాడికైతే పెట్టను. వెళ్లేవాళ్లు పార్కుకి పోని రోజే వెళ్లండి, అక్కడ తినడానికి పార్కు టికెట్ అక్కర్లేదు.