రాత్రి కాపలాలో అమ్మాయిలు

ఆమడగూరులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి సైబర్ సెక్యూరిటీ పేరెత్తితే ‘అది పోలీసుల పని కదమ్మా’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు.

పోలీసుల్లోనూ ఆడవాళ్లు ముందున్నారు మరి! తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోని నడిపించింది ఐపీఎస్ అధికారి శిఖా గోయల్. పైగా ఇది పోలీసుల పని మాత్రమే కాదు: 2018లో మైక్రోసాఫ్ట్, డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (డీఎస్‌సీఐ) కలిసి ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లల కోసమే ‘సైబర్‌శిక్షా’ శిక్షణ మొదలుపెట్టాయి.

ఈ రంగంలో చాలామందికి తొలి ఉద్యోగం సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లోనే. అక్కడ రాత్రీపగలూ కంపెనీ నెట్‌వర్క్‌కి కాపలా కాయాలి. ధర్మవరంలో నిద్రపోతున్న ఉద్యోగి అకౌంట్‌లోకి రాత్రి 2 గంటలకు వేరే దేశం నుంచి లాగిన్ పడిందనుకోండి. పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కిందా, వీపీఎన్ ఆన్‌లో ఉండిపోయిందా? లాగ్‌లు తిరగేసి చకచకా తేల్చాలి.

దానికి నెట్‌వర్కింగ్, లినక్స్ మీద పట్టుండాలి. నైట్ షిఫ్ట్‌కి క్యాబ్ పంపుతారా అన్నది మాత్రం ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడిగేయాలి.