సాంచాల చప్పుడు చెవుల్లో మిగిలింది

సోలాపూర్‌లో 35 ఏండ్లు సాంచాల మీద పని చేసిన. ఆ చప్పుడులో మాకు సైగలే మాటలు. రిటైరైనంక ఇంట్లో కోడలు మాట్లాడితే సగమే వినబడేది. నన్నే ఏదో గొణుగుతుందనుకొని రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

కొడుకు దవాఖానకు తీసుకపోయిండు. డాక్టరమ్మ ముందు చెవిలో గుబిలి ఉందేమో చూసింది, లేదు. చప్పుడు లేని గదిలో కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడితే బటన్ నొక్కమన్నరు. తర్వాత చెవి వెనక ఎముకకు చిన్న మిషను ఆనించి మళ్ళీ చూసిండ్రు. రెండుసార్లూ ఒకటే తీరు వచ్చింది.

డాక్టరమ్మ కాగితం చూపించింది. 4000 దగ్గర గీత గుంత పడ్డది. "లోపలి చెవి దెబ్బతిన్నది తాతా, చప్పుడు చేసిన పని ఇది. సన్నని శబ్దాలు ముందు పోతయి. అందుకే ఆడోళ్ళ మాటలు, పిల్లల మాటలు తెలియవు. పోయింది తిరిగి రాదు. చెవి మిషను పెట్టుకుంటే మాట అందుతది" అన్నది.

ఇంటికొచ్చి కోడలితో చెప్పిన: "తప్పు నీది కాదు బిడ్డా, నా చెవిది." ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

కొడుకు కూడా సాంచాల మీదనే ఉన్నడు. చెవుల్లో బిరడాలు పెట్టుకొమ్మని రోజూ చెప్తున్న. మీ పిల్లలకు మీరూ చెప్పండి, ఏడాదికోసారి చెవులు చూపించండి.